క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌కు ఆర్‌టీఎక్స్ 4060 సరిపోతుందా?

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ కట్టించుకుని, దానికి మెటా క్వెస్ట్ 3 వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కలిపి ఆడుతున్నాను. మామూలు మానిటర్ మీద 1080పీ ఆటలకు ఈ కార్డు చక్కగా సరిపోతుంది. వీఆర్ లెక్క వేరు: ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్లున్న తెరలకు, 90 హెర్ట్జ్ (సెకనుకు 90 ఫ్రేములు) వద్ద ప్రతి ఫ్రేమునూ సుమారు 11 మిల్లీసెకన్లలోపే సిద్ధం చేయాలి, దానికితోడు హెడ్‌సెట్‌కు పంపే వీడియోను కుదించే పని కూడా కార్డు మీదే పడుతుంది. బీట్ సేబర్ ఆట హాయిగా నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మాత్రం, మన తీరం మీదుగా తక్కువ ఎత్తున ఎగురుతూ డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తల తిప్పితే, కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోయి దృశ్యం తడబడుతుంది, కాసేపటికి కడుపులో తిప్పుతుంది. ఇలాంటి ఆటలే మీకు ముఖ్యమైతే, ఖరీదైన ప్రాసెసర్‌కు పెట్టే డబ్బును 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4070 మీద పెట్టమనే గట్టిగా చెబుతాను. వైర్లు లేకుండా ఆడేవారు కంప్యూటర్‌ను రౌటర్‌కు కేబుల్‌తోనే కలిపి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచాలి.