సక్కర్ ఫిష్ పిల్ల: బ్రిసిల్‌నోజా, కామన్ ప్లెకోనా? ఏది మేలు?

అక్వేరియం ట్యాంకులో పెంచే ఈ రెండు రకాల చేపలకీ, రెండంగుళాల పిల్లలుగా ఉన్నప్పుడు తేడా పట్టడం కష్టం. రెండూ గ్లాసుకు మూతి అతికించుకుని పాచి గీకుతుంటాయి, అమ్మేటప్పుడు రెండింటినీ సక్కర్ ఫిష్ అనే అంటారు. నేను బ్రిసిల్‌నోజ్ అనుకుని తెచ్చుకున్న పిల్ల ఏడాది తిరిగేసరికి జానెడు అయింది, ఇక ట్యాంకులో వెనక్కి తిరగడానికి కూడా దానికి చోటు చాల్లేదు, చూస్తుంటే చాలా బాధేసింది.

మామూలు ఇంటి ట్యాంకుకైతే నా ఓటు బ్రిసిల్‌నోజ్‌కే. పెద్దదయ్యాక కూడా 12 నుంచి 15 సెంటీమీటర్లే, 100 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. కామన్ ప్లెకో 30 సెంటీమీటర్లు సులువుగా దాటుతుంది, దానికి 500 లీటర్లు కూడా ఎక్కువేం కాదు. పైగా పెరిగేకొద్దీ పాచి తినడం తగ్గించి, గోల్డ్‌ఫిష్, డిస్కస్ లాంటి నెమ్మదైన చేపల ఒంటి మీది జిగురు పొరను గీకడం మొదలుపెట్టవచ్చు.

మరి పిల్లప్పుడే ఎలా పోల్చుకోవాలి? మూతి మీద మీసాలు చూడమని చాలామంది చెప్తారు కానీ అవి పిల్లలకు ఇంకా వచ్చి ఉండవు, ఆడవాటికి పెద్దయ్యాక కూడా చిన్నవే వస్తాయి, కొన్నింటికి అసలు రావు. వీపు రెక్క చూడండి. అది రెక్క విప్పినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి, ముందున్న గట్టి ముల్లును వదిలేసి, వెనకున్న మెత్తటి పుల్లల్ని లెక్కపెట్టండి. బ్రిసిల్‌నోజ్‌కు మామూలుగా 7 ఉంటాయి. కామన్ ప్లెకో పేరుతో ఎక్కువగా దొరికే టెరిగోప్లిక్తిస్‌కు 9 కన్నా తక్కువ ఉండవు, చాలావాటికి 10 దాటతాయి, రెక్క తెరచాపలా ఎత్తుగా లేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. హైపోస్టోమస్ అనే ఇంకో పెద్ద ప్లెకోకు కూడా 7 పుల్లలే. అందుకని 7 లెక్క తేలగానే కొనేయకుండా రంగు కూడా చూడండి: బ్రిసిల్‌నోజ్‌కు ముదురు ఒంటి మీద లేత చుక్కలు, హైపోస్టోమస్‌కు ఎక్కువగా లేత ఒంటి మీద ముదురు చుక్కలు. అల్బినో (ఒంటికి సహజమైన ముదురు రంగు లేని) పిల్లలైతే బ్రిసిల్‌నోజ్‌లోనూ టెరిగోప్లిక్తిస్‌లోనూ ఉన్నాయి కాబట్టి వాటికి రంగు పనికిరాదు, రెక్క లెక్కే దిక్కు.

ఇప్పటికే కామన్ ప్లెకో ఇంట్లో ఉంటే దయచేసి చెరువులోనో కాలవలోనో వదలకండి, అలా వదిలినవే చాలా దేశాల్లో గట్లు తవ్వి, బొరియల్లో గుడ్లు పెట్టి, స్థానిక చేపల చోటు ఆక్రమించాయి. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఏ రకాన్ని పట్టేటప్పుడైనా వల బదులు డబ్బా వాడండి, ముఖ్యంగా బ్రిసిల్‌నోజ్ బుగ్గల ముళ్లు వలలో ఇరుక్కుంటే విడిపించేలోపు అది గాయపడుతుంది.