ఆటిజం, ఏడీహెచ్‌డీ పిల్లలకు కరాటేనా, జూడోనా?

తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తేనే కుదురుగా ఉండే పిల్లలకు కరాటే నప్పుతుంది. కటా అంటే వరుసగా చేసే కదలికల అభ్యాసం. కొత్తవాళ్లకు నేర్పే హెయాన్ షోదాన్ కటాలో 21 కదలికలు, క్రమం మారదు. క్లాసుకు మూడు కదలికలు చాలు. పాదాలు పెట్టే చోట నేలపై రంగు టేపు అతికించాలి. చిక్కంతా 'కియాయ్' అరుపుతోనే. శబ్దం భరించలేని పిల్లలతో దాని బదులు గట్టిగా ఊపిరి వదిలించండి.

జూడోలో గుద్దులు, తన్నులు నేర్పరు, ఎదుటివాళ్లను పట్టుకుని పడేయడం, నేలపై అదిమిపట్టడం నేర్పుతారు. గట్టి ఒత్తిడి కోరుకునే పిల్లలు కొందరు ఇక్కడ కుదుటపడతారు. తాకితే ఉలిక్కిపడేవాళ్లకు మాత్రం కష్టమే. "ఇప్పుడు కాలర్ పట్టుకుంటాను" అని చెప్పాకే పట్టుకోవాలి. పడటం నేర్పేది ముందు పడుకోబెట్టి, తర్వాత గొంతుక్కూర్చోబెట్టి, ఆఖరున నిలబెట్టి. ప్రతిసారీ గడ్డం ఛాతీకి ఆనించి బెల్టు చూడమనాలి, లేకపోతే తల మ్యాట్‌కు కొట్టుకుంటుంది. డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటే మెడ కీళ్లు వదులుగా ఉండొచ్చు, డాక్టర్ సరేనన్నాకే జూడో.