లాండుడ్నోనా, అబెరిస్ట్విత్తా?

వేల్స్‌లో సముద్రతీరం చూడ్డానికి ఒక్క రోజే ఉంటే లాండుడ్నోకే వెళ్లండి. 19వ శతాబ్దంలో అక్కడి భూస్వాములైన మోస్టిన్ కుటుంబం ప్లాన్ గీయించి మరీ కట్టించిన ఊరు. అందుకే వంపు తిరిగిన తీరం వెంట హోటళ్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. సముద్రంలోకి పొడుచుకెళ్లిన పియర్ (నడక వంతెన) పొడవు దాదాపు 700 మీటర్లు. 1902 నాటి ట్రామ్‌ను ఇప్పటికీ ఇనుప తాడే గ్రేట్ ఓర్మ్ కొండపైకి లాగుతుంది. కొండ లోపల కాంస్యయుగపు రాగి గనులున్నాయి, దిగి చూడొచ్చు. పైన మేసే తెల్ల మేకల మూలం మన కాశ్మీరం! 2020 లాక్‌డౌన్‌లో అవి వీధుల్లోకొచ్చి ఇళ్ల ముందు కంచె మొక్కలు మేసేశాయి.

అబెరిస్ట్విత్‌కు అంత ముస్తాబు లేదు. 1865 నాటి పియర్‌ను తుఫాన్లు మింగేయగా చిన్న ముక్కే మిగిలింది. కానీ చలికాలం సాయంత్రం దాని దగ్గర నిలబడాలి. మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పిట్టలు వేలకొద్దీ మబ్బులా మెలికలు తిరిగి, ఒక్కసారిగా పియర్ కింద వాలిపోతాయి. 1277లో మొదలైన కోట శిథిలాలు, కొండ వాలు ఎక్కించే 1896 నాటి క్లిఫ్ రైల్వే నడిచి వెళ్లేంత దూరమే. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు వేల్స్ జాతీయ గ్రంథాలయం కూడా ఇక్కడే. రెండు రోజులు దొరికితే నా ఓటు ఈ ఊరికే.