నెల్లూరు తీరంలో రెండు రాత్రుల శిబిరం: ఎక్కడెక్కడ చెడింది

కడప వాళ్లకు దగ్గరి సముద్రమంటే నెల్లూరు తీరమే. బద్వేలు, ఆత్మకూరు మీదుగా నాలుగైదు గంటల బస్సు దారి. వేసవి సెలవులు రాగానే కడప, ప్రొద్దుటూరు కాలేజీ పిల్లల ఫోన్లలో ‘సముద్రం ఒడ్డున గుడారాలు, నీళ్లాటలు, చేపల వేపుడు’ అంటూ ప్రకటనలు తిరుగుతాయి. అలాంటి ఒక శిబిరంలో మే నెలలో 36 మంది రెండు రాత్రులు ఉన్నారు. పెట్టిన డబ్బుకు దక్కింది సూర్యోదయం ఒక్కటే.

నీళ్ల దగ్గరే మొదలైంది ఇబ్బంది. తీరంలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది, ఒంటి మీది ఉప్పు వదలక తొడలు ఒరుసుకుపోతాయి. స్నానాలకు మంచినీళ్ల ట్యాంకరు తెప్పించడం నిర్వాహకుల పని. అది రాలేదు. తాగడానికి రోజుకు నాలుగు క్యాన్లు పెట్టారు. మే ఎండలో పొద్దంతా ఆడే మనిషికి ఐదు లీటర్లయినా కావాలి. 36 మందికి 180 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు తొమ్మిది, వంట నీళ్లు కాక. సగం కూడా లేకపోయేసరికి మధ్యాహ్నానికే తలనొప్పులు, పిక్కలు పట్టేయడం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎవరికి వాళ్లు తీసుకుపోవాలి. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కలిపితే మేలుకన్నా కీడే ఎక్కువ.

మరుగుదొడ్లు మూడు, పనిచేసినవి రెండు. కాళ్లకంటిన ఇసుక గొట్టంలో పేరుకుని మూడోది పూడిపోయింది. గుమ్మం ముందర ఒక తొట్టి, ఒక మగ్గు పెట్టి ఉంటే ఆ బాధే లేదు. ఆడపిల్లలకు వేరుగా ఒక్కటి కూడా కేటాయించకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

గుడారాల మీద ‘ముగ్గురికి’ అని రాసి ఉంటుంది. సంచులతో సహా ఇద్దరికే చాలుతుంది. సరుగుడు తోపు పక్కనే ఉన్నా గుడారాలన్నీ బయలు ఇసుకలో వేశారు. ఉదయం ఏడు కాకముందే లోపల ఉడికిపోతుంది. పొడి ఇసుకలో జానెడు మేకులు నిలవవు, రాత్రి గాలి లేచేసరికి రెండు గుడారాలు ఒరిగాయి. దీనికి సులువైన ఉపాయం ఉంది. ఖాళీ యూరియా సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, గుడారం తాడు దానికి కట్టి మూరెడు లోతున పూడ్చాలి. ఒక్కో గుడారానికి నాలుగు సంచులు. మన రైతు ఇళ్లల్లో ఖాళీ సంచులకు కొదవ ఉండదు, వెంట తీసుకుపోవచ్చు.

అసలు భయం నీళ్లలో ఉంది. మనవైపు కుర్రాళ్లు ఈత నేర్చేది వ్యవసాయ బావుల్లో, కె.సి. కాలువలో. బావి నీళ్లు కదలవు, కాలువ నీళ్లు ఒకే వైపు పోతాయి. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు తిరిగి పోవడానికి ఇసుక మేటల మధ్య సందు వెతుక్కుంటాయి. ఆ సందులో పాయలా బలంగా లోపలికి పోతాయి. అక్కడ అలలు విరగవు, నీళ్లు బురద రంగులో ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు ‘ఇక్కడ అల లేదు’ అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగినప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత గజఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక అలలతో పాటు బయటికి రావాలి. అదీ చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తాలి. ఈ నాలుగు మాటలు శిబిరంలో ఎవరూ చెప్పలేదు. కాపలా మనిషి ఒక్కడు, చేతిలో ఈల తప్ప తాడు లేదు, ట్యూబు లేదు.

లైఫ్ జాకెట్లు ఇచ్చారు గానీ సగం వాటికి పట్టీలు బిగవవు. జాకెట్ తొడిగి, బకిళ్లన్నీ పెట్టుకున్నాక భుజాల దగ్గర ఎవరితోనైనా పైకి లాగించి చూడాలి. గడ్డం దాటి పైకి వస్తే అది నీళ్లలో నిలవదు, మార్చమనాలి. అలల తీవ్రత పెరుగుతుందంటే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందే హెచ్చరిక ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు అది చూసుకోవాలి. 108తో పాటు కోస్ట్ గార్డ్ నంబరు 1554 కూడా అందరి ఫోన్లలో ఉండాలి.

‘అప్పుడే పట్టిన చేప’ అన్న మాట సంగతీ చెప్పుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. తెడ్డు, తెరచాప పడవలకు మినహాయింపు ఉన్నా వాటికి పడేది కొద్దే. కాబట్టి మే నెలలో ఊరికి ఊరే తినేంత తాజా చేప రాదు. విస్తట్లో పడింది ఐసు చేప, చెరువు రొయ్య. చెరువు రొయ్య చెడ్డదని కాదు, సముద్రం రొయ్యని చెప్పి అమ్మడం తప్పు. చేపను పచ్చిగా చూపించమని అడగండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి రావాలి. వంటమనిషి మాత్రం మంచివాడు, అడిగితే పచ్చికారం నూరి ఇచ్చాడు. కారం దోసె తిని పెరిగిన నోళ్లకు అదే ఊరట.

సముద్రానికే పోవాలంటే జనవరి, ఫిబ్రవరి మేలు. ఎండ తక్కువ, చేప దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ తీరానికి తుఫాన్ల కాలం. గుడారాల మీద మోజు లేకపోతే మైపాడు దగ్గర పర్యాటక శాఖ గదుల్లో దిగి, పగలు తీరంలో గడపడం నయం. రైలు కావాలనుకుంటే బాపట్లలో దిగితే సూర్యలంక 9 కిలోమీటర్లే. గుడారంలో పడుకోవడమే ముఖ్యమైతే అంత దూరం ఎందుకు, చలికాలంలో గండికోట ఉంది. అక్కడ పెన్నా లోయ అంచుకు అన్నిచోట్లా కంచె ఉండదు, రాత్రి టార్చి లేకుండా కదలకూడదు.

బయానా ఇచ్చే ముందు మూడు సంగతులు రాతలో తీసుకోవాలి: రోజుకు ఎన్ని క్యాన్లు, ఎన్ని మరుగుదొడ్లు, నీళ్లలో దిగినప్పుడు ఒడ్డున ఎంతమంది కాపలా. పది మంది దిగితే ఒక్కరు ఒడ్డున నిలబడి తలలు లెక్కపెడుతూ ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.