మా ఇంటి కంప్యూటర్‌కి ఆరేళ్లుగా ఉచిత కాపలా

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. 2017లో ఎస్పీ రోడ్డులో అసెంబుల్ చేయించాం. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. పగలు దాని మీద నేను చిన్న దుకాణాలవాళ్ల జీఎస్టీ లెక్కలు రాస్తాను. సాయంత్రమైతే అది మా అబ్బాయిది. అందులో ఉన్న లెక్కలు నావి కావు, నన్ను నమ్మి ఇచ్చినవాళ్లవి. అందుకే దాన్ని వైరస్‌ల నుంచి కాపాడే విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ.

మొదటి రెండేళ్లూ తెలిసినవాళ్లు చెప్పిన ఒక ఉచిత యాంటీవైరస్ వాడాను. దాని పేరు చెప్పను. వైరస్ పట్టుకున్న రోజు ఒక్కటీ గుర్తులేదు గానీ, "మీ కంప్యూటర్‌లో ఇన్ని సమస్యలున్నాయి, కొనండి" అని రోజూ తెర మూల నుంచి భయపెట్టేది. బ్రౌజర్ హోమ్ పేజీ కూడా మార్చేసింది. 2019 చివర్లో తీసేశాను. తీసేయగానే విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే పనిలోకి వచ్చింది. అప్పటినుంచి అదే.

"ఊరికే వచ్చింది కదా, అదేం ఆపుతుంది?" అని ఇప్పటికీ చాలామంది అంటారు. ఆ మాటకి కారణం ఉంది. విస్టా, విండోస్ 7 రోజుల్లో డిఫెండర్ స్పైవేర్, అంటే మనపై నిఘా పెట్టే ప్రోగ్రామ్‌లని మాత్రమే చూసేది, వైరస్‌లకి వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిందే. 2012లో విండోస్ 8తో అది పూర్తి యాంటీవైరస్ అయింది. యాంటీవైరస్‌లని పరీక్షించే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటి సరసన పూర్తి మార్కులు తెచ్చుకుంది కూడా.

మార్కుల సంగతి అలా ఉంచి, నాకు నమ్మకం కలిగించింది ఒక పెన్‌డ్రైవ్. కిందటేడు ఒక క్లయింట్ కాగితాలు ప్రింట్ తీయించడానికి జెరాక్స్ షాపుకి ఇచ్చాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ ఉన్నట్టే ఉన్నాయి, కానీ ప్రతి దాని కింద మూలన చిన్న బాణం గుర్తు, సైజు రెండు కేబీ. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాంతోపాటు వెనకాల వైరస్ కూడా నడుస్తుంది. నేను క్లిక్ చేయకముందే కుడిపక్క "థ్రెట్స్ ఫౌండ్" అని వచ్చింది. డిఫెండర్ ఆ ఫైళ్లని క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా బంధించి పెట్టింది. అయితే పెన్‌డ్రైవ్ ఖాళీగా కనబడేసరికి గుండె జారింది. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటికి హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు పెట్టి దాచేస్తుంది, అంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో యాట్రిబ్ (attrib) కమాండ్‌తో ఆ గుర్తులు తీసేస్తే అన్నీ బయటికొచ్చాయి. ఇలా జరిగితే కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి.

ఒకటి తెలుసుకోండి: ఫుల్ స్కాన్ పెట్టినా డిఫెండర్ మామూలుగా పెన్‌డ్రైవ్ లోపలికి వెళ్లదు. ఫైలు తెరిచేటప్పుడు చూస్తుంది గానీ, ముందే మొత్తం వెతికించాలంటే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి మనమే స్కాన్ చేయించాలి. బయటినుంచి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ నేను అదే చేస్తాను.

అన్నిటికన్నా విలువైనది మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంది. ఆన్ చేస్తే, తనకి తెలియని ప్రోగ్రామ్ ఏదీ మీ ఫైళ్లని మార్చకుండా అడ్డం నిలబడుతుంది. అయితే అది కాపాడేది డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లని. మనలో చాలామందికి పెళ్లి ఫోటోల దగ్గర్నుంచి పిల్లల సర్టిఫికెట్ల దాకా అన్నీ డి డ్రైవ్‌లో ఉంటాయి కదా, వాటిని మనమే చేర్చాలి. పెద్దగా పేరులేని లెక్కల సాఫ్ట్‌వేర్ వాడితే దాన్ని కూడా ఒకసారి అనుమతించాలి, లేకపోతే సేవ్ కానివ్వదు. కొంచెం చికాకే. నేను భరిస్తాను. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, దాంతోపాటు ఈ రక్షణా పోతుంది. "రెండు ఉంటే ఇంకా మంచిది" అనుకునేవాళ్లకి ఈ మాట చెబుతుంటాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్ మీద ఫుల్ స్కాన్ పెడితే గంటలు పడుతుంది, నేను వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించాక బాధ తగ్గింది. నెట్ లేనప్పుడు దాని పట్టు కొంత సడలుతుంది, ఎందుకంటే కొత్త వైరస్‌ల గురించి క్లౌడ్‌ని, అంటే నెట్‌లోని మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తెలుసుకుంటుంది.

రెండో అభిప్రాయం కోసం నెలకోసారి మాల్వేర్‌బైట్స్ అనే ఇంకో వైరస్ స్కానర్ ఉచిత వెర్షన్ నడుపుతాను. మొదట ప్రీమియం ట్రయల్ ఇస్తుంది, అది అయిపోయాక స్కాన్ మాత్రమే మిగులుతుంది. నాకు కావలసింది అదే. మా అబ్బాయి బ్రౌజర్‌లో చేరిన ఒక పనికిమాలిన ఎక్స్‌టెన్షన్‌ని అదే పట్టింది. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టాను. దొంగ డౌన్‌లోడ్ బటన్లు చాలావరకు కనబడటం మానేశాయి.

అబ్బాయికి వేరే స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చాను, నా పాస్‌వర్డ్ లేకుండా ముఖ్యమైన సెట్టింగ్‌లు మార్చలేడు. ఒకరోజు వచ్చి, "అమ్మా, గేమ్‌ని మార్చే మాడ్ ఇన్‌స్టాల్ చేయాలంటే డిఫెండర్ ఆపమంటోంది, నీ పాస్‌వర్డ్ కొడతావా?" అన్నాడు. జిప్ ఫైలు, దానికో పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకే అలా పంపుతారని కూర్చోబెట్టి చెప్పాను. వాడు మాట్లాడకుండా డిలీట్ చేశాడు. అడిగినందుకు వాణ్ని మెచ్చుకున్నాను.

ఇప్పుడు మా చింత వేరే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మా ప్రాసెసర్ విండోస్ 11కి పనికిరాదు. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకూ ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, విండోస్‌లో కన్నాలు అలాగే ఉంటే కాపలావాడొక్కడు ఏం చేస్తాడు? అందుకని ఏడాది పొడిగింపు అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే రూపాయి అడగలేదు. ఆ గడువు 2026 అక్టోబర్ 13 వరకు. ఈలోగా కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్‌కి డబ్బు కూడబెడుతున్నాం. క్లయింట్ల లెక్కల కాపీ మాత్రం ప్రతి శనివారం బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కేబుల్ పీకి బీరువాలో పెడుతున్నాను.