జనరల్ బజార్ లేసుల షాపు: పాత గద్వాల చీర మేకోవర్ కోసం కొన్న మెటీరియల్ మీద నా రివ్యూ

పాత చీరలు పారేయలేక ఏదో ఒకటి కుట్టించుకునేవాళ్ళకి ఈ రివ్యూ బాగా పనికొస్తుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మహంకాళి అమ్మవారి గుడి చుట్టుపక్కల సందుల్లో లేసులు, బోర్డర్లు, పట్టుదారాలు, గుండీలు అమ్మే షాపులు బోలెడుంటాయి కదా, అందులో ఒక చిన్న షాపు గురించి రాస్తున్నా, మా ఇంట్లో దాన్ని లేసుల అంకుల్ షాపు అనే అంటాం. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాళ్ళు రోడ్డు మీదే ఉండాలి, అంత చిన్నది. కానీ సరుకు ఎన్నాళ్ళు మన్నుతుందో, ఏది మన్నదో కొనేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పే షాపు నాకు తెలిసి ఇదే, అందుకే ఆన్‌లైన్‌లో ఎన్ని ఆఫర్లు వచ్చినా నేను మాత్రం అక్కడికే వెళ్తా.

ఈసారి పని మా అమ్మ గద్వాల చీరది. పాత గద్వాల చీరలు ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఒళ్ళంతా కాటన్, అంచులూ కొంగూ మాత్రం పట్టు, జరీ. నేసేటప్పుడే కాటన్ పోగునీ పట్టు పోగునీ ఒకదాంట్లో ఒకటి మెలేసి కలుపుతారు, దాన్నే కుట్టు అంటారు. ఏళ్ళ తరబడి కట్టి ఉతికాక ముందు పోయేది కాటనే, మడతల దగ్గర చిరుగులు పడిపోతాయి, అంచు మాత్రం ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. పాత జరీ చీరలు కొంటాం అని తిరిగేవాళ్ళకి ఇచ్చేయమని ఇంట్లో అందరూ అన్నారు, కానీ వాళ్ళు కొనేది జరీలో ఉన్న వెండి కోసం, చీర కోసం కాదు, కాల్చి వెండి తీసుకుంటారు. అమ్మ ఎన్ని పెళ్ళిళ్ళకి కట్టిన చీరో అది, నాకు మనసొప్పలేదు.

సరే, ప్లాన్ ఏంటంటే, అంచు తీసి మంగళగిరి కాటన్ కుర్తాకి కిందా చేతులకీ వేయించుకోవడం, కొంగుతో రెండు కుషన్ కవర్లు, మిగిలిన పీలికలతో గాజులు, దుపట్టాకి కుచ్చులు. వీటికి కావాల్సిన దారం, లైనింగ్, పైపింగ్, స్టోన్ చైన్, గమ్ అన్నీ ఆ ఒక్క షాపులోనే దొరికాయి.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది రంగు మ్యాచ్ చేసే పద్ధతి. అంచు ముక్క చేతిలో పెట్టగానే అంకుల్ ముందు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు, తర్వాత మెరూన్ దారం రీళ్ళు అయిదారు తీసుకుని షాపు దిగి రోడ్డు మీదకొచ్చేశారు. "లైట్ కింద అన్నీ ఒక్కతీరే కనిపిస్తయ్ అమ్మా, ఎండల చూడుండ్రి" అన్నారు. నిజంగానే లోపల అచ్చం ఒకేలా ఉన్న రీళ్ళు ఎండలోకి రాగానే ఒకటి వంకాయ రంగుకి పోయింది, ఇంకోటి ఇటుక రంగుకి తిరిగింది, ఒక్కటి మాత్రం అంచు మీద పెడితే ఎక్కడుందో కనపడనంతగా కలిసిపోయింది. ఆన్‌లైన్‌లో ఫోన్ స్క్రీన్ చూసి మెరూన్ అని ఆర్డర్ పెట్టేవాళ్ళకి ఈ తేడా ఎలా తెలుస్తుంది చెప్పండి. బయట జనం తోసుకుంటూ పోతున్నా ఆయన అక్కడే నిలబడి అంత ఓపిగ్గా చూపిస్తారు, అదీ పదిహేను రూపాయల దారం రీలు కోసం.

రెండోది రంగు పోయే సంగతి. ఇంతకుముందు వేరే చోట కొన్న ఎర్ర లేసు ఒక్క ఉతుక్కే తెల్ల దుపట్టా మొత్తాన్ని గులాబీ రంగు చేసేసింది, గ్యారంటీ అని చెప్పి మరీ అమ్మారు. ఇక్కడ అదే విషయం అడిగితే అంకుల్ ఒక తెల్ల గుడ్డ ముక్క నీళ్ళలో ముంచి పిండి లేసు మీద గట్టిగా రుద్ది చూపించారు, ఒక లేసుకి గుడ్డ శుభ్రంగా ఉంది, ఇంకోదానికి ఎర్రగా అంటుకుంది. "ఇది బ్లౌజుకైతే వద్దు, చెమటకి పోతది, గుమ్మానికి తోరణం కట్టుకుంటే తీస్కోండి" అని ఆయనే చెప్పారు. అమ్ముకునే సరుకు గురించి ఇలా చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు!

లేసు వేసేముందు కాటన్ బట్టని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయమని కూడా గుర్తుచేశారు. కాటన్ మొదటి ఉతుకులో కుదించుకుంటుంది, పాలిస్టర్ లేసు కుదించుకోదు, నానబెట్టకుండా కుట్టేస్తే తర్వాత లేసు అలల్లా లేచి ముడతలు పడుతుంది. లైనింగ్‌కీ ఇదే రూలు. చాలామంది టైలర్‌ని తిడతారు గానీ తప్పు బట్టని తడపకపోవడంలో ఉంటుంది.

గద్వాల అంచు కత్తిరించేవాళ్ళు ఒక్క విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి, కాటన్, పట్టు కలిసే ఆ కుట్టు మీద సరిగ్గా కత్తెర పెట్టొద్దు, అక్కడ కోస్తే పోగులు ఊడొచ్చేస్తాయి. కాటన్ వైపు ఒక వేలు వెడల్పు వదిలి కోసి ఆ వదిలింది లోపలికి మడిచి కుట్టించాలి. కొంగు పట్టు కూడా పాతదైతే దానిమీద లాగుడు పడకుండా వెనకాల పాప్లిన్ లైనింగ్ వేసి రెండూ కలిపి కుట్టించాలి, కుషన్ మీద ఎవరైనా ఆనుకుని కూర్చున్నప్పుడు బరువు లైనింగ్ మీద పడుతుంది, పట్టు చిరగదు. ఇస్త్రీ ఎప్పుడూ పైన పల్చటి గుడ్డ వేసే చేయాలి, జరీకి నేరుగా వేడి తగలకూడదు. కవర్లకి కుట్టించిన జిప్ కూడా ఇక్కడిదే, బాగా నడుస్తోంది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

గాజుల గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయాలి, అవి అంత బాగా వచ్చాయి. రంగు పోయిన పాత ప్లాస్టిక్ గాజులు ఎవరింట్లోనైనా ఉంటాయి. వెడల్పు గాజులకి అంచు పీలిక చుట్టేసి చివర్లు లోపలికి మడిచి అంటించా, సన్నవాటికి పట్టుదారం ఇరవై పాతిక పోగులు ఒక్కటిగా కలిపి పక్కపక్కనే ఒత్తుగా, మధ్యలో సందు కనపడకుండా చుట్టా. పోగులు ఎంత ఎక్కువైతే పని అంత త్వరగా అవుతుంది కానీ మరీ ఎక్కువైతే మెలికలు పడి నునుపు పోతుంది. మీద ఒక వరస స్టోన్ చైన్. గమ్ విషయంలో కక్కుర్తి పడొద్దు, బట్టకి అంటించే ఫ్యాబ్రిక్ గమ్మే తీసుకోండి, మామూలు తెల్ల గమ్ చేతి చెమటకి కరిగి దారం చివర్లు లేచిపోతాయి. గాజులు వేసుకున్నాక సెంటు కొట్టుకోవద్దు, జరీ నల్లబడుతుంది. నలుగురు చూసి ఎక్కడ కొన్నావని అడిగారు, అది అమ్మ చీర అంచు అని చెప్తే ఒక్కరు కూడా నమ్మలేదు, ఆ మాట అమ్మకి చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది.

కుచ్చులు కూడా దారం కొనుక్కుని ఇంట్లోనే వేశా, దారాలు గుత్తిగా ముడేసే బేబీ కుచ్చులే, కొక్కెం సూదితో అల్లే క్రోషా కుచ్చులు నాకింకా రావు. దారం మెత్తగా ఉంది, కత్తిరించిన చోట పీచులా విడిపోలేదు.

ఇక నచ్చనివి కూడా రాయాలి. లేసులు ముక్కలుగా కోసి ఇవ్వరు, తొమ్మిది మీటర్ల చుట్ట మొత్తం తీసుకోవాల్సిందే, నాకు కావాల్సింది రెండు మీటర్లు, మిగతాది ఏం చేసుకోవాలి? ఇంకెవరైనా తోడుంటే పంచుకోవచ్చు. మార్చుకోవడాలు, వెనక్కి తీసుకోవడాలు లేవు. అంకుల్ లేనప్పుడు కౌంటర్లో ఉండే పిల్లలు మర్యాదగానే మాట్లాడతారు కానీ బయటికొచ్చి ఎండలో చూపించే ఓపిక వాళ్ళకి లేదు, కాబట్టి ఆయన ఉన్నప్పుడే వెళ్ళండి. అక్కడి రెడీమేడ్ అద్దాల ప్యాచులు నేను అస్సలు రికమెండ్ చేయను, వెనకాల గమ్ గట్టిపడి చర్మానికి గుచ్చుకుంటుంది, చిన్నపిల్లల బట్టలకైతే అసలే వద్దు. కుందన్ స్టిక్కర్లు కూడా అంతే, ఒక ఫంక్షన్‌కి ఆగుతాయేమో.

మొత్తం మెటీరియల్‌కి నాకు 850 రూపాయలైంది, కుట్టుకూలి వేరు. ఇలాంటి అంచున్న కుర్తా సెట్ బొటిక్‌లో ఎంత చెప్తారో మీకే తెలుసు, పైగా అది అమ్మ చీర అవ్వదు కదా.

వెళ్ళేవాళ్ళు కారు తీసుకెళ్ళొద్దు, పార్కింగ్ దొరకదు, ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కేయండి. షాపు తెరవగానే వెళ్తే జనం తక్కువ, అంకుల్‌కి మాట్లాడే టైం ఉంటుంది, సాయంత్రమైతే నిలబడ్డానికే చోటుండదు. ఆషాఢంలో లష్కర్ బోనాల అప్పుడు, అంటే ఆ మహంకాళి గుడి జాతరప్పుడు, ఆ సందుల్లోకి షాపింగ్ పని పెట్టుకోకండి. ఫోన్లో ఫోటో కాకుండా చీర ముక్కే చేత్తో పట్టుకెళ్ళండి, టేపు కూడా, ఎందుకంటే అక్కడి టేపు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది.