ఆఫీసు మెయిల్ క్లౌడ్‌కు: ఒక్క రాత్రిలో మార్చడమా, విడతలుగానా?

ఏడాదిగా నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఆఫీసు మెయిల్‌ను పాత హోస్టింగ్ (వెబ్‌సైటుతో పాటు మెయిల్‌నూ ఉంచే అద్దె సర్వర్) నుంచి క్లౌడ్‌కు మారుస్తున్నాం. అందరినీ ఒకేసారి మార్చాలా, పదేసి మంది చొప్పున మార్చుకుంటూ పోవాలా? అడిగేవారిలో చాలామంది మనసులో జవాబు ముందే ఉంటుంది. విడతలుగా వెళ్తే భద్రమని వారి నమ్మకం. ఒకప్పుడు నేనూ అదే చెప్పేవాణ్ణి. గత నెలలో గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో 42 మంది మెయిల్‌ను ఒకే శనివారం రాత్రి మార్చాను. ఎందుకలా చేశానో చెబితే మీ ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

ఏ సేవ తీసుకోవాలన్న ప్రశ్నను ఇక్కడ ఎక్కువసేపు పట్టుకోను. రోజంతా ఔట్‌లుక్, ఎక్సెల్ ముందు కూర్చునే ఆఫీసుకు మైక్రోసాఫ్ట్ 365 సరిపోతుంది. ఫోనులోనే పని చేసేవాళ్లు ఎక్కువైతే గూగుల్ వర్క్‌స్పేస్ హాయి. మెయిల్ ఒక్కటే కావాలి, ఖర్చు తగ్గాలి అంటే చెన్నైకి చెందిన జోహో ఉంది. మూడూ నమ్మదగినవే. ఏది తీసుకున్నా కింద చెప్పబోయే చిక్కు మాత్రం ఒక్కటే.

ముందుగా విడతల పద్ధతికి దక్కాల్సిన మర్యాద దక్కాలి. మొదట ఐదుగురిని మారుస్తాం. వాళ్లకు వచ్చిన ఇబ్బందులు చూసి సరిచేసుకుంటాం. తర్వాతి పదిమందికి ఆ ఇబ్బందులు రావు. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి ఒక్కడే ఉంటే అతనికి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. కొత్త పద్ధతికి జంకే పెద్దవాళ్ల పక్కన కూర్చుని నిదానంగా నేర్పవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

అయితే విడతల పద్ధతిలో ఒకే డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొన్ని వారాలపాటు రెండు చోట్ల బతకాలి. నిర్ణయం తేలాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం. ఒకే పిన్‌కోడుకు రెండు పోస్టాఫీసులు ఉన్నాయనుకోండి. ఆ ప్రాంతమంతా తనదేనని రెండూ నమ్ముతున్నాయి. ఉత్తరం ఏ పోస్టాఫీసులో పడితే అక్కడే ఉండిపోతుంది. మెయిల్ సర్వర్లు సరిగ్గా ఇలాగే నడుచుకుంటాయి. బయటివారు పంపే మెయిల్ ఎక్కడికి వెళ్లాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. కానీ ఆఫీసులో ఒకరు పక్క బల్ల దగ్గరి మనిషికి పంపే మెయిల్ విషయంలో పాత సర్వర్ ఎంఎక్స్ రికార్డును చూడనే చూడదు. ‘ఈ డొమైన్ నాదే, ఈ పేరుతో మెయిల్‌బాక్సు నా దగ్గరే ఉంది’ అనుకుని అందులో వేసేస్తుంది. పంపినవారికి ఏ లోపమూ కనిపించదు. అందుకోవలసినవారికి మెయిల్ వచ్చిందనే తెలియదు.

మూడేళ్ల కిందట ఒక రవాణా సంస్థలో నాకు జరిగింది ఇదే. ముందు అకౌంట్స్ వాళ్లను మార్చాను, బుకింగ్ వాళ్లను తర్వాతి వారానికి ఉంచాను. ఫార్వర్డ్ పెట్టాల్సిన చిరునామాల్లో ఒకటి నా జాబితాలోంచి జారిపోయింది. బుకింగ్ విభాగం పంపిన సరుకు వివరాలు నాలుగు రోజులపాటు అకౌంటెంట్ పాత మెయిల్‌బాక్సులో పేరుకుపోయాయి. ఆమె కొత్త మెయిల్ తెరిచి చూస్తూ, ఈ వారం బుకింగులు తక్కువగా ఉన్నాయనుకుంది. బిల్లులు ఆలస్యమయ్యాయి. రెండు విభాగాల మధ్య మాటలు పెరిగాయి. తప్పు నాది, పడ్డది వాళ్లు.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. పాత సర్వర్‌లో మారిన ప్రతి ఒక్కరి మెయిల్‌నూ కొత్త చోటికి ఫార్వర్డ్ చేయవచ్చు. ఎదురు దిశలో, ఇంకా మారనివారికి వచ్చిన మెయిల్‌ను కొత్త సేవ పాత సర్వర్‌కు తిప్పి పంపాలి. మైక్రోసాఫ్ట్‌లో అయితే డొమైన్‌ను ‘అథారిటేటివ్’ (డొమైన్ మొత్తం నాదే) నుంచి ‘ఇంటర్నల్ రిలే’ (నా దగ్గర లేనివారి మెయిల్‌ను ముందుకు పంపుతాను)కు మార్చి, మెయిల్‌ను పాత సర్వర్‌కు చేర్చే ఒక కనెక్టర్ కట్టాలి. గూగుల్‌లో దీన్ని ‘స్ప్లిట్ డెలివరీ’ అంటారు. చేయవచ్చు, నేనూ చేశాను. కానీ ఒక్కొక్కరిని మార్చిన ప్రతిసారీ రెండు వైపులా సరిచూసుకోవాలి. 42 మంది అంటే 42 సార్లు, వాటితో పాటు సేల్స్, అకౌంట్స్ వంటి ఉమ్మడి చిరునామాలు. పైగా ఫార్వర్డ్ అయిన మెయిల్ పంపినవారి సర్వర్ నుంచి కాక మన పాత సర్వర్ నుంచి వచ్చినట్టు కొత్త సేవకు కనిపిస్తుంది. ఒక డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చూసే ఎస్‌పీఎఫ్ పరీక్ష తప్పి, మంచి మెయిల్ కూడా స్పామ్‌లో పడే అవకాశం ఉంటుంది. మీటింగులు పెట్టుకునేటప్పుడు ఒక సగం క్యాలెండర్లు ఇంకో సగానికి కనిపించవు.

ఇప్పుడు ఒక్క రాత్రి పద్ధతికి వద్దాం. దీన్ని చూసి భయపడేవారందరి భయం ఒకటే: మారే సమయంలో వచ్చే మెయిళ్లు పోతాయేమో! ఇది చాలా వరకు అనవసరమైన భయం. అవతలి సర్వర్‌కు మన సర్వర్ అందకపోతే అది మెయిల్‌ను పారేయదు. వరుసలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని మెయిల్ ప్రమాణాలే చెబుతున్నాయి. అంటే ఆగిన మెయిల్ వస్తుంది, తిరిగి వెళ్లిన మెయిల్ సంగతి పంపినవారికి తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా తప్పు పెట్టెలో చేరిన మెయిలే అసలు నష్టం. ఆ ప్రమాదం ఒక్క రాత్రి పద్ధతిలో కొన్ని గంటలు ఉంటే, విడతల పద్ధతిలో వారాలు ఉంటుంది. నా లెక్క తేలింది ఈ తేడా దగ్గరే.

అయితే ఒక్క రాత్రిలో జరిగేది చివరి అడుగు మాత్రమే. గుంటూరులో దాని వెనుక మూడు వారాల పని ఉంది. అందులో ఎక్కువ భాగం పాత మెయిల్ ఎక్కడుందో కనుక్కోవడానికే పోయింది. మన ఊళ్లలోని చిన్న సంస్థల్లో దాన్ని సర్వర్‌లో వెతికితే సగమే దొరుకుతుంది. ఏళ్ల కిందట ఎవరో ఔట్‌లుక్‌ను పాప్ పద్ధతిలో పెట్టి వెళ్తారు. అది మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకుని, 14 రోజుల తర్వాత సర్వర్ నుంచి చెరిపేస్తూ ఉంటుంది. మిగిలిన చరిత్ర అంతా అకౌంటెంట్ బల్ల కింది డబ్బాలో, ఔట్‌లుక్ మెయిళ్లను దాచుకునే ఒక పీఎస్‌టీ ఫైలులో ఉంటుంది. క్లౌడ్ సేవలు ఇచ్చే ఐమాప్ (సర్వర్‌లోని మెయిల్‌ను అక్కడే ఉంచి చదివే పద్ధతి) వలస సాధనం సర్వర్‌లో ఉన్నదాన్నే తెస్తుంది. పీఎస్‌టీ ఫైలు ఒకటుందని కూడా దానికి తెలియదు. అది మెయిళ్లను మాత్రమే తెస్తుందనీ, కాంటాక్టులు, క్యాలెండర్ విడిగా తీసి పెట్టుకోవాలనీ ముందే గుర్తుంచుకోండి.

అందుకే ముందు ప్రతి కంప్యూటర్ దగ్గరా కూర్చుని పీఎస్‌టీ ఫైళ్లను లెక్కపెట్టండి. గుంటూరులో 42 మందికి 61 ఫైళ్లు తేలాయి. ఉద్యోగం మానేసిన ఇద్దరివి కూడా వాటిలో ఉన్నాయి, విదేశీ కొనుగోలుదారుల పాత ఒప్పందాలు దొరికింది వాటిలోనే. సర్వర్ నుంచి సర్వర్‌కు జరిగే నకలుకు ఆఫీసు ఇంటర్నెట్‌తో పని లేదు. పీఎస్‌టీలు మాత్రం ఆఫీసు లైను మీదుగానే ఎక్కాలి, కాబట్టి రాత్రిళ్లు ఎక్కించాం. వరసగా తొమ్మిది రాత్రులు పట్టింది.

ఈ నకలు పూర్తయ్యాక, ఎంఎక్స్ మార్చడానికి వారం ముందే అందరికీ కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి ఫోన్లలో లాగిన్ చేయించాను. పాత మెయిళ్లన్నీ కొత్త చోట కనిపించేసరికి వాళ్లకు సగం బెరుకు పోయింది. విడతల పద్ధతిలో నాకు నచ్చే లాభాన్ని, అంటే నిదానంగా నేర్పే వీలును, ఇలా ఇక్కడికే తెచ్చుకున్నాను. ఒక్క షరతు పెట్టాను: చూడండి, వెతకండి, కానీ ఆదివారం దాకా అక్కడి నుంచి ఏదీ పంపవద్దు. పంపితే సహోద్యోగికి వెళ్లే మెయిల్ కొత్త పెట్టెలోనే ఉండిపోతుంది, పాత పెట్టె చూసుకుంటున్న మనిషికి అందదు. రెండు పోస్టాఫీసుల చిక్కు మళ్లీ మొదలవుతుంది.

తేదీ ఎంచుకునేటప్పుడు అకౌంట్స్ వాళ్లను అడగండి. 7న టీడీఎస్ చెల్లింపు, 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ రిటర్నులు. ఈ తేదీల చుట్టుపక్కల మెయిల్‌ను కదిలించకూడదు. నెలాఖరు జీతాల హడావిడి సరేసరి. పోర్టళ్ల, బ్యాంకుల ఓటీపీలు కూడా మెయిల్‌కే వస్తాయని మరవకండి. నాకు మిగిలింది 22 తర్వాత వచ్చే శనివారం.

డొమైన్ రికార్డులు ఉండే డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు గడువు (ఇతర సర్వర్లు దాన్ని గుర్తుపెట్టుకునే సమయం) సీప్యానెల్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉన్న హోస్టింగుల్లో మామూలుగా 14400 సెకన్లు, అంటే నాలుగు గంటలు ఉంటుంది. దాన్ని రెండు రోజుల ముందే 300కు తగ్గించాను. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఎంఎక్స్ మార్చాను. ఎస్‌పీఎఫ్‌లో కొత్త సేవను చేర్చి, మెయిల్ మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే డీకిమ్ సంతకం మొదలుపెట్టాను. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. పాతదాన్ని ఉంచి పక్కన రెండోది పెట్టేవారు చాలామంది, దానితో రెండూ చెల్లకుండా పోతాయి. ఆదివారం ఉదయం చివరి విడత నకలు నడిపితే, రాత్రి పాత పెట్టెల్లో పడిన 17 మెయిళ్లు కొత్త చోటికి వచ్చాయి.

ఆ తర్వాత చేయాల్సిన పనిని ఎక్కువమంది మరిచిపోతారు. సీప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్ అన్న చోట ‘లోకల్’ను ‘రిమోట్’గా మార్చాలి. సంస్థ వెబ్‌సైటు అదే హోస్టింగ్‌లో ఉంటుంది కదా! అందులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం నింపితే ఆ మెయిల్ పుట్టేది పాత సర్వర్‌లోనే. రౌటింగ్ మార్చకపోతే కొత్త కొనుగోలుదారుల విచారణలు ఎవరూ తెరవని పెట్టెలో నెలల తరబడి పడుతూనే ఉంటాయి. ఇది నేను మూడు చోట్ల కళ్లారా చూశాను. స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ యంత్రాన్నీ, ఇన్‌వాయిస్‌లు పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నూ అదే రోజు కొత్త వివరాలతో పరీక్షించాలి. ఇప్పటి క్లౌడ్ సేవలు మామూలు పాస్‌వర్డ్‌తో వచ్చే పాత యంత్రాలను తేలిగ్గా లోపలికి రానివ్వవు.

విడతలే మేలైన చోట్లు కూడా ఉన్నాయి. సంస్థకు సొంత ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్ ఉండి మైక్రోసాఫ్ట్‌కు వెళ్తుంటే, ‘హైబ్రిడ్’ పద్ధతిలో రెండు వైపులా ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ఎవరి మెయిల్‌బాక్సు ఎక్కడుందో వాటికి తెలుసు, క్యాలెండర్లు కూడా కనిపిస్తాయి. రెండు పోస్టాఫీసుల సమస్య పుట్టదు కాబట్టి అక్కడ నా అభ్యంతరం కూడా ఉండదు. ఎక్స్‌ఛేంజ్ 2016, 2019లకు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇలాంటి సంస్థలకు ఈ ప్రశ్న ఇప్పుడు అత్యవసరం. సంఖ్య పెద్దదైనా విడతలే నయం. ఎక్స్‌ఛేంజ్ నుంచి ఒకేసారి మార్చే ‘కటోవర్’ పద్ధతిలో 2000 మెయిల్‌బాక్సుల దాకా వీలుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, కానీ 150 దాటకపోతే మంచిదని కూడా తనే అంటుంది. సాధారణ హోస్టింగ్ నుంచి వచ్చేవారికైతే నేను గీసుకున్న గీత ఇంకా కిందికే, అరవై డెబ్బై దగ్గర ఉంది. సోమవారం ఉదయం సాయం కోసం వచ్చే ఫోన్లను ఇద్దరు మనుషులు అందుకోగలిగేది అంతమందినే.

మరో రెండు దారులు వినిపిస్తుంటాయి. ప్రతి మెయిల్‌నూ రెండు చోట్లా పడేలా చేసే ‘డ్యూయల్ డెలివరీ’ వారం రోజుల పరీక్షకు పనికొస్తుంది. అంతకు మించితే ఎవరు దేనికి ఎక్కడి నుంచి జవాబిచ్చారో తెలియని గందరగోళం. పాత మెయిల్‌ను వదిలేసి కొత్త పెట్టెతో మొదలుపెట్టే దారి ఐదుగురున్న దుకాణానికి సరే, ఎగుమతిదారుకు కాదు.

గుంటూరులో సోమవారం పదకొండు గంటల వరకు నాకు 14 ఫోన్లు వచ్చాయి. తొమ్మిది పాస్‌వర్డ్ గురించి, నాలుగు సంతకం కింద లోగో కనిపించడం లేదని. ఒక్కటే గట్టి సమస్య: ఒక షిప్పింగ్ ఏజెంటు పంపిన మెయిల్ తిరిగి వెళ్లింది, ఆయన సర్వర్ ఇంకా పాత చిరునామానే గుర్తుపెట్టుకుంది. తిరిగి వెళ్లింది కనుకే ఆయన ఫోను చేశాడు, మధ్యాహ్నానికి మళ్లీ పంపితే అందింది. పాత హోస్టింగ్‌ను మరో నెల ఉంచుకోమన్నాను. మొదటి రెండు వారాలు రోజూ సాయంత్రం పాత పెట్టెలు తెరిచి చూశాను. కొత్తగా ఏ మెయిలూ పడలేదు.